డ్రోన్ ఎగరేస్తుంటే పోలీసులు వచ్చి అడిగారా? రైతులు తెలుసుకోవాల్సిన నిబంధనలు, దగ్గర ఉంచుకోవాల్సిన కాగితాలు

ఇప్పుడు వరి, పత్తి, మిర్చి పొలాల్లో డ్రోన్‌తో మందు కొట్టించడం మామూలైపోయింది. మహిళా సంఘాలకు డ్రోన్లు వస్తున్నాయి. చదువుకున్న కుర్రాళ్లు అప్పు చేసి డ్రోన్ కొని ఎకరాల లెక్కన పిచికారీ చేస్తున్నారు. సరదాకి చిన్న కెమెరా డ్రోన్ కొనుక్కున్నవాళ్లు కూడా ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటున్నారు. వీటితో పాటే ఫిర్యాదులూ వస్తున్నాయి. పక్క పొలం మీద మందు పడిందని ఒకరు, ఇంటి మీదుగా కెమెరా తిప్పారని ఇంకొకరు స్టేషన్‌కు వెళ్తున్నారు.

పోలీసులు వచ్చి "పర్మిషన్ ఉందా?" అని అడిగితే చాలామంది తడబడుతున్నారు. మన పొలంలో మనం ఎగరేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదని కొందరు అనుకుంటారు. ఎస్సై గారు సంతకం పెడితేనే ఎగరేయాలని ఇంకొందరు అనుకుంటారు. ఈ రెండూ సరైనవి కావు. మన పల్లెల్లో చాలా చోట్ల డ్రోన్ ఎగరేయడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. కానీ డ్రోన్‌కు నంబరు, నడిపేవారికి సర్టిఫికెట్, బీమా ఉండాలి. ఇవి చేతిలో లేకపోతే అదును సమయంలో డ్రోన్ స్టేషన్‌లో పడి ఉంటుంది. అప్పు కిస్తీ మాత్రం ఆగదు.

ఏ చట్టం వర్తిస్తుంది?

దేశమంతటికీ ఒకటే నిబంధనలు. కేంద్ర పౌర విమానయాన శాఖ 2021 ఆగస్టులో 'డ్రోన్ నిబంధనలు, 2021' తెచ్చింది. 2022లో, 2023లో వాటిలో కొన్ని మార్పులు చేశారు. వీటిని అమలు చేసేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. నిబంధనలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మందు కొట్టడానికి వీటితో పాటు పురుగుమందుల చట్టం, దాని కింద వచ్చిన 1971 నియమాలు కూడా వర్తిస్తాయి. డ్రోన్‌తో పురుగుమందులు, పోషకాలు ఎలా పిచికారీ చేయాలో కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది.

మీ డ్రోన్ ఏ తరగతిలోకి వస్తుంది?

డ్రోన్ ఖాళీ బరువు కాదు, అది మోసే బరువుతో కలిపి మొత్తం లెక్క చూస్తారు.

- నానో: 250 గ్రాముల వరకు
- మైక్రో: 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు
- చిన్నది: 2 కిలోలు దాటి 25 కిలోల వరకు
- మధ్యరకం: 25 కిలోలు దాటి 150 కిలోల వరకు
- పెద్దది: 150 కిలోలు దాటినవి

పది లీటర్ల ట్యాంకు ఉన్న పిచికారీ డ్రోన్లు చాలావరకు చిన్న తరగతిలోకి వస్తాయి. ట్యాంకు పెద్దదైతే మధ్యరకంలోకి పోవచ్చు. కొనేముందే ఏ తరగతిదో అడిగి తెలుసుకోండి. పైలట్ సర్టిఫికెట్ కూడా ఆ తరగతికి సరిపోయేదే కావాలి.

ఎక్కడ ఎగరేయొచ్చు? పచ్చ, పసుపు, ఎరుపు జోన్లు

డిజిటల్ స్కై వెబ్‌సైటులో దేశమంతటి గగనతల మ్యాపు ఉంటుంది. ఫోన్‌లోనే తెరిచి మీ పొలం ఏ రంగులో ఉందో చూడవచ్చు. ఎగరేసే ముందు ప్రతిసారీ ఈ మ్యాపు చూడడం పైలట్ బాధ్యత అని నిబంధనల్లోనే ఉంది.

పచ్చ జోన్: నేల నుంచి 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. పల్లెల్లో ఎక్కువ భాగం ఇదే.

పసుపు జోన్: ఆ ప్రాంతాన్ని చూసే విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి.

ఎరుపు జోన్: కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

విమానాశ్రయం దగ్గర పొలాలున్న రైతులు మరింత జాగ్రత్తగా ఉండాలి. శంషాబాద్, గన్నవరం, రేణిగుంట, మధురపూడి వంటి చోట్ల చుట్టుపక్కల చాలా సాగు భూమి ఉంది. దూరాన్ని విమానాశ్రయం ప్రహరీ నుంచి కొలుస్తారు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగుల ఎత్తు వరకే పచ్చ జోన్. 8 కిలోమీటర్ల లోపల ఉంటే అనుమతి లేకుండా అసలు లేపకూడదు. "పైరు మీద రెండు మీటర్ల ఎత్తులోనే కదా తిప్పేది" అన్న మాట అక్కడ చెల్లదు. వైమానిక దళ స్థావరాలు, నౌకాదళ స్థావరాలు, శ్రీహరికోట వంటి చోట్లకు దగ్గరగా ఉన్న గ్రామాల వారూ మ్యాపు చూడకుండా ఎగరేయొద్దు. తిరుమల కొండపై డ్రోన్లు నిషేధం. సరదాకి తీసిన వీడియో అయినా అక్కడ కేసవుతుంది.

దగ్గర ఉండాల్సిన కాగితాలు

1. గుర్తింపు నంబరు (యూఐఎన్): ట్రాక్టర్‌కు ఆర్‌సీ ఎలాగో డ్రోన్‌కు ఇది అలాగ. ఆన్‌లైన్‌లో డీ-2 ఫారం నింపి తీసుకోవాలి. ఫీజు 100 రూపాయలు. డ్రోన్ సీరియల్ నంబరు, లోపలి ఫ్లైట్ కంట్రోలర్ నంబరు, రిమోట్ నంబరు మూడూ దీనికి ముడిపడి ఉంటాయి. రిపేరులో రిమోట్ గానీ కంట్రోలర్ గానీ మారిస్తే ఆన్‌లైన్‌లో ఆ వివరం కూడా మార్పించండి. లేకపోతే తనిఖీలో నంబర్లు కలవవు.

2. టైప్ సర్టిఫికెట్: ఇది తయారు చేసిన కంపెనీ ఆ మోడల్‌కు తీసుకోవాలి. కొనేటప్పుడు నకలు అడిగి తీసుకోండి. టైప్ సర్టిఫికెట్ లేని పిచికారీ డ్రోన్ తక్కువ ధరకు వస్తోందని కొంటే నంబరు దగ్గర చిక్కు వస్తుంది. తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించారని కూడా గుర్తుంచుకోండి. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు ఉంది.

3. రిమోట్ పైలట్ సర్టిఫికెట్: నడిపేవారి పేరున ఉండాలి. వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ఇంతకుముందు పాస్‌పోర్టు అడిగేవారు. 2023 సెప్టెంబరు మార్పు తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి కూడా చెల్లుతున్నాయి. పాస్‌పోర్టు లేదని ఆగిపోయిన వాళ్లు ఇప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు.

4. మూడో పక్షం బీమా: మన డ్రోన్ వల్ల ఇతరులకు నష్టం జరిగితే పరిహారం చెల్లించే బీమా. నానో తరగతికి తప్ప మిగతా వాటికి తప్పనిసరి.

5. కొన్న బిల్లు, అప్పు ఉంటే బ్యాంకు కాగితాలు: డ్రోన్ ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇవే ఆధారం.

అసలు కాగితాలు ఇంట్లో పెట్టి, జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో డ్రోన్ పెట్టెతో పాటు ఉంచండి. ఫోన్‌లో ఫొటోలు కూడా పెట్టుకోండి.

పాత డ్రోన్ కొంటే నంబరు మీ పేరుకు మార్పించుకోవడం మరవొద్దు. డీ-3 ఫారం, 100 రూపాయల ఫీజుతో పని అయిపోతుంది. అమ్మినవారు కూడా దీన్ని పట్టించుకోవాలి. పేరు మారకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు పోలీసులు ముందు వచ్చేది పాత యజమాని ఇంటికే.

సరదాకి ఎగరేసే చిన్న డ్రోన్ల సంగతి

250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్, టైప్ సర్టిఫికెట్, బీమా అక్కర్లేదు. 2 కిలోల లోపు డ్రోన్‌ను సొంత సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ జోన్ల నిబంధన అందరికీ ఒకటే. బరువు తక్కువని ఎరుపు జోన్‌లోకి పోకూడదు.

ఇక్కడ కుర్రాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సరదాకి కొన్న మైక్రో డ్రోన్‌తో పెళ్లి వీడియో తీసి డబ్బు తీసుకుంటే అది వ్యాపారమే. వ్యాపారానికి మైక్రో డ్రోన్ నడపాలంటే పైలట్ సర్టిఫికెట్ కావాలి. "మావాడిది చిన్న డ్రోనే" అంటే సరిపోదు.

పోలీసులకు ఉన్న అధికారాలు ఏమిటి?

పచ్చ జోన్‌లో ప్రతిసారీ స్టేషన్ నుంచి అనుమతి పత్రం తేవాలని డ్రోన్ నిబంధనల్లో లేదు. అయితే పోలీసులకు ఏ అధికారమూ లేదనుకోవద్దు.

తాత్కాలిక ఎరుపు జోన్: ప్రముఖుల పర్యటనలు, పెద్ద జాతరలు, బందోబస్తు సమయాల్లో ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపు జోన్‌గా ప్రకటించవచ్చు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఈ ఉత్తర్వు ఇవ్వాలి. ఒకసారికి 96 గంటలు మించకూడదు. దాన్ని మ్యాపులో చూపించాలి. నిన్న పచ్చగా ఉన్న మీ పొలం ఇవాళ ఎరుపులో ఉండవచ్చు. అందుకే ఏ రోజుకారోజు మ్యాపు చూడాలి.

163 ఉత్తర్వులు: ఇదివరకు 144 సెక్షన్ అనేవాళ్లం. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. దీని కింద డ్రోన్లు ఎగరేయవద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప రెండు నెలలకు మించి ఉండదు. ఉత్తర్వు ఉండగా ఎగరేస్తే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. ఈ ఉత్తర్వులు డిజిటల్ స్కై మ్యాపులో కనిపించకపోవచ్చు. స్థానిక పత్రికల్లో, పోలీసుల ప్రకటనల్లో చూడాలి.

జప్తు: నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితిలో దొరికిన వస్తువును 106వ సెక్షన్ కింద పోలీసులు జప్తు చేయవచ్చు. ఆ సంగతి మెజిస్ట్రేటుకు తెలపాలి.

కేసులు: ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు కలిగేలా ఎగరేస్తే న్యాయ సంహిత 125వ సెక్షన్ వర్తించవచ్చు. ఇళ్ల వెనుక, స్నానాల రేవుల దగ్గర, మహిళలు కనిపించేలా కెమెరా తిప్పితే 77వ సెక్షన్ దాకా పోతుంది. అది చాలా తీవ్రమైన నేరం. సరదాకి తీశామన్న మాట అక్కడ పనికిరాదు.

పోలీసులు పొలానికి వస్తే ఇలా చేయండి

1. ముందు డ్రోన్‌ను జాగ్రత్తగా కిందికి దించండి. గాలిలో ఉండగా మాటల్లోకి దిగొద్దు. "దించేస్తున్నాను సార్, ఒక్క నిమిషం" అని చెప్పి దించండి.

2. మందు ట్యాంకులో ఉంటే ఆ మాట చెప్పండి. ఎవరూ చేతులతో తాకకుండా చూడండి.

3. కాగితాల కవరు తీసి చూపండి. ఫోన్‌లో మ్యాపు తెరిచి మీ పొలం పచ్చ జోన్‌లో ఉందని చూపండి. చాలాసార్లు విషయం ఇక్కడితోనే తేలిపోతుంది.

4. ఎవరు ఫిర్యాదు చేశారు, దేని గురించి అని మర్యాదగా అడగండి. పక్క రైతు ఫిర్యాదైతే ఆయనతో అక్కడే మాట్లాడి సర్దుకునే వీలుంటుంది.

5. ఆపమంటే ఆపండి. ఏ ఉత్తర్వు ప్రకారం, ఎప్పటివరకు అన్నది అడిగి రాసుకోండి. వాదనకు దిగి మళ్లీ లేపొద్దు. ఉత్తర్వు సరైనదా కాదా అన్నది తర్వాత పై అధికారుల దగ్గర తేల్చుకోవచ్చు.

6. తెలియని విషయం ఊహించి చెప్పొద్దు. కాగితం ఇంట్లో ఉంటే ఉందనండి. లేకపోతే లేదనండి. వేరేవారి సర్టిఫికెట్ మీదని చూపితే చిన్న విషయం పెద్దదవుతుంది.

డ్రోన్ జప్తు చేస్తే

జప్తు పంచనామా రాయించుకోండి. డ్రోన్ సీరియల్ నంబరు, గుర్తింపు నంబరు, రిమోట్, బ్యాటరీలు ఎన్ని, చార్జర్, ట్యాంకు, ఏ భాగమైనా ముందే విరిగి ఉందా అన్నవన్నీ అందులో ఉండేలా చూడండి. నకలు అడగండి. అప్పగించేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. జప్తును వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షన్‌లో ఉంది.

వీలైతే అనుమతి అడిగి ట్యాంకులోని మందు ఖాళీ చేయండి. బ్యాటరీలు డ్రోన్ నుంచి తీసి విడిగా ఇవ్వండి. ఇవి లిథియం బ్యాటరీలు. ఎండలో, వేడి గదిలో, దెబ్బ తగిలేలా ఉంచితే మంట అంటుకోవచ్చు. నీడలో పెట్టమని చెప్పి, ఆ మాట పంచనామాలో రాయించండి.

తర్వాత ఆలస్యం చేయొద్దు. వస్తువును తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయవచ్చు. కేసు ఇంకా విచారణకు రాకముందైతే 503వ సెక్షన్, విచారణలో ఉంటే 497వ సెక్షన్ వాడతారు. బిల్లు, గుర్తింపు నంబరు మీ పేరున ఉంటే పని సులువవుతుంది. కోర్టు పూచీకత్తు అడగవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సహాయం అందుతుంది.

ఫిర్యాదు రాకుండా చూసుకోవడమే మేలు

గాలిలో మందు చల్లేముందు 24 గంటలకు తగ్గకుండా అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయాలని 1971 నాటి పురుగుమందుల నియమాల్లో ఉంది. పంచాయతీ కార్యదర్శికి, వ్యవసాయ విస్తరణ అధికారికి ముందురోజే రాసి ఇవ్వండి. వాట్సాప్ సందేశమైనా పంపి ఉంచుకోండి. రేపు గొడవ వస్తే మీరు ముందే చెప్పారనడానికి అదే సాక్ష్యం.

చుట్టూ ఉన్న రైతులకు మీరే స్వయంగా చెప్పండి. మల్బరీ తోట ఉంటే ప్రత్యేకంగా చెప్పాలి. మందు తుంపర పడ్డ ఆకు తింటే పట్టుపురుగులు చచ్చిపోతాయి. చేపల చెరువు, రొయ్యల చెరువు, తేనెటీగల పెట్టెలు, తాగునీటి బావి పక్కన ఉంటే ఆ వైపు తగినంత వదిలి కొట్టాలి. కలుపు మందు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మీ వరికి పనికొచ్చే మందు పక్కవాళ్ల పత్తిని మాడ్చేయవచ్చు.

గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజుకు మానుకోండి. పైరు మీద బాగా ఎత్తు నుంచి కొట్టొద్దు. ఎత్తు పెరిగే కొద్దీ తుంపర దూరం పోతుంది. డ్రోన్‌తో వాడడానికి అనుమతి ఉన్న మందే, చెప్పిన మోతాదులోనే వాడండి. పిచికారీ జరిగే చోటికి పశువులు, పిల్లలు రాకుండా మనిషిని పెట్టండి.

ఏ తేదీన, ఏ సర్వే నంబరులో, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు కొట్టారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్క రైతు "మీ మందు వల్లే పోయింది" అన్నప్పుడు అసలు ఆ రోజు మీరు ఏం కొట్టారో చూపించవచ్చు.

అద్దెకు పిలిచే రైతులకు

చిన్న రైతులు ఎక్కువమంది డ్రోన్ కొనరు, పిలిపించుకుంటారు. పిలిచే ముందు మూడు అడగండి: డ్రోన్ నంబరు, నడిపే మనిషి సర్టిఫికెట్, బీమా. మూడూ చూపలేని వాళ్లు ఎకరాకు వంద తక్కువ అడిగినా వద్దనండి. పక్క పొలానికి నష్టం జరిగితే వాళ్లు వెళ్లిపోతారు, ఊళ్లో ఉండేది మీరు.

నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ తీసుకున్న సంఘాలు ఒక విషయం గమనించాలి. డ్రోన్ సంఘానిది, సర్టిఫికెట్ మాత్రం శిక్షణ పొందిన అక్కది. ఆమెకు వీలు కాలేదని భర్త గానీ తమ్ముడు గానీ సర్టిఫికెట్ లేకుండా నడిపితే తనిఖీలో ఇబ్బంది వస్తుంది. బీమా కంపెనీ కూడా పరిహారం ఇవ్వనని అనవచ్చు.

ప్రమాదం జరిగితే, డ్రోన్ పోతే

డ్రోన్ కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి. 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద మందు పడితే ఏ మందో డబ్బా చూపించండి. ప్రమాదం సంగతి 48 గంటల్లో ఆన్‌లైన్‌లో డీజీసీఏకు తెలపాలి. బీమా కంపెనీకి అదే రోజు చెప్పండి.

డ్రోన్ దొంగతనం జరిగినా, ఎవరైనా రాయితో కొట్టి పగలగొట్టినా మీరే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. పోయిన డ్రోన్‌తో ఎవరైనా తప్పుడు పని చేస్తే మీ మీదికి రాకుండా ఈ ఫిర్యాదే కాపాడుతుంది.

డ్రోన్ లేపే ముందు ఒకసారి చూసుకోండి

- ఇవాళ మ్యాపులో పొలం ఏ రంగులో ఉంది?
- జిల్లాలో 163 ఉత్తర్వులు ఏమైనా ఉన్నాయా?
- నంబరు, సర్టిఫికెట్, బీమా కవరులో ఉన్నాయా? బీమా గడువు దాటలేదు కదా?
- పంచాయతీకి, పక్క రైతులకు నిన్ననే చెప్పారా?
- గాలి ఎటు వీస్తోంది? ఆ వైపు ఏముంది?

పిచికారీ మందు, మోతాదు, రాయితీల గురించి సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రంలో గానీ, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి. ప్రతి సీజన్ మొదట్లో డీజీసీఏ వెబ్‌సైటులో గానీ, మీకు శిక్షణ ఇచ్చిన సంస్థలో గానీ కొత్త మార్పులు కనుక్కుని పని మొదలుపెట్టండి.